బొమ్మకార్డుల విశ్వమానవత

ఇటీవల మన విద్యావంతులలో, ముఖ్యంగా యువకులలో, ఒక వ్యాసంగం ప్రబలుతున్నది. యే విదేశంలోనో వున్న అపరిచితుడికి ఒక బొమ్మకార్డు వ్రాసి పంపటం. బదులుగా ఇంకొక అపరిచితుడి నుంచి ఒక బొమ్మకార్డు అందుకోవటం. ఇది మహానగరాలతో ఆగలేదు. ఎలమంచిలి వంటి చిన్న పట్టణానికీ వచ్చింది. మా ప్రాంతపు విద్యార్థుల సంచుల్లో, ఉపాధ్యాయుల బల్ల సొరుగుల్లో, ఉద్యోగుల ఇళ్ళలోని గాజు బీరువాల్లో పారిస్ ఈఫిల్ గోపురమూ, లండన్ గడియార స్తంభమూ, రోము కొలోసియమూ, ఆమ్‌స్టర్‌డామ్ కాలవలూ కొలువు తీరుతున్నాయి. సేకరించేవారు సేకరించుకోవచ్చు. దానికి యెవరి అనుమతీ అక్కర లేదు. కాని యీ సేకరణకు ఇప్పుడొక సిద్ధాంతం కూడా తయారైంది. ఇది విశ్వమానవత అట! జాతుల మధ్య గోడలు కూలుస్తుందట! కార్డుముక్క మీద ప్రపంచమంతా మన గుమ్మంలోకి నడిచి వచ్చిందట! విద్యార్థుల సభల్లో యీ మాట వినిపిస్తున్నది. విన్నవారు చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లకు ముందు మాటను పరీక్షించటం విమర్శకుడి పని. యీ వ్యాసం ఆ పరీక్ష కోసమే.

ముందు విషయం తెలుసుకుందాం. 2005 జూలైలో పోర్చుగల్ దేశపు విద్యార్థి పౌలో మగల్యాయిష్ ‘పోస్ట్‌క్రాసింగ్’ అనే పద్ధతిని ప్రారంభించాడు. దాని నియమం చాలా సులభమైనది. సభ్యుడు ఒక చిరునామా అడుగుతాడు. ఆ చిరునామా యెవరిదో, యే దేశానిదో నిర్ణయించేది అతడు కాదు. చీటీ తీసినట్లు వస్తుంది. కార్డు మీద ఒక గుర్తుసంఖ్య వేసి పంపాలి. అది చేరి, అందుకున్నవారు ఆ సంఖ్యను నమోదు చేసిన తరువాతనే పంపినవాడి చిరునామా మరొకరికి వెళుతుంది. ఒకటి పంపితే ఒకటి వస్తుంది. పంపనివాడికి రాదు. ఇందులో కార్డుకు కార్డే మూల్యం. ఆస్ట్రియాలో మొట్టమొదటి పోస్టుకార్డు వెలువడింది 1869 అక్టోబరు 1న. ఆ తేదీని వీరు ప్రపంచ పోస్టుకార్డు దినంగా జరుపుతున్నారు. జర్మనీ, రష్యా, అమెరికా, నెదర్లాండ్స్, ఫిన్లండు వంటి దేశాలలో సభ్యులు విరివిగా వున్నారు. అందుచేత మన సభ్యుడికి వచ్చే కార్డులలో యూరపు గోపురాలు యెక్కువగా వుండటంలో ఆశ్చర్యం లేదు.

యీ వ్యాసంగాన్ని గురించి మన మధ్య రెండు అభిప్రాయాలు వున్నాయి. ఒకటి ఆరాధకులది, దాని సంగతి తరువాత చూద్దాం. రెండవది మనవారిదే. “ప్రజలు తిండికి మాడుతుంటే బొమ్మలు పోగు చేసుకోవటమా? ఇది పెటీ బూర్జువా కాలక్షేపం” అని కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారు. ముందుగా యీ వాదం లెక్క తేల్చవలసి వున్నది. యెందుకంటే మనవారి పొరపాటును దాచిపెట్టి యెదుటివారి పొరపాటును యెండగట్టటం విమర్శ అనిపించుకోదు.

యీ మిత్రులు మన ఉద్యమ చరిత్రను కొంచెం జ్ఞాపకం చేసుకుంటే బాగుండును. 1991లో సోవియట్ యూనియన్ అంతరించేవరకు మన కార్యకర్తల ఇళ్ళ గోడల మీద వెలిగినవి యేమిటి? మాస్కో ఎర్రమైదానం, లెనిన్ సమాధి, భూగర్భ రైలు స్టేషన్ల పాలరాతి స్తంభాలు. వాటిని ‘సోవియట్ భూమి’ పత్రికలోంచి కత్తిరించి, విశాలాంధ్ర పుస్తకాల అంగడిలో కొని, కలంస్నేహితుల వద్దనుంచి తెప్పించుకొని భద్రపరచిన తరం ఒకటి వుండేది. ఆ తరాన్ని నేను గౌరవిస్తాను. కాని ఆ రైలు స్టేషన్లను తవ్వినవారు యెవరు, యే కష్టంతో తవ్వారు, వారి కూలి యెంత అని ఆ బొమ్మను అడిగినవారు యెందరు? మాస్కో బొమ్మ ముందు చేతులు జోడించి, పారిస్ బొమ్మ ముందు ముక్కు మూసుకోవటం శాస్త్రీయ దృక్పథం కాదు. దేవుణ్ణి మార్చినంత మాత్రాన భక్తుడు హేతువాది అయిపోడు. ప్రశ్నించకుండా చూడటమే జబ్బు; అది యే దేశపు బొమ్మకు అంటుకున్నా జబ్బే.

ఇంతకూ పోస్టుకార్డు పుట్టుకలోనే ప్రజాస్వామిక లక్షణం వున్నది. కవరు లేదు, లక్క లేదు, రహస్యం లేదు. తక్కువ ఖర్చు, తక్కువ మాటలు. మనదేశంలో అది 1879 జూలైలో కాలణా ధరకు వచ్చింది. ఉత్తరం ముఖం యెరగని ఇళ్ళకు కూడా ఉత్తరం చేరింది. చదువు రానివాడు చదువు వచ్చినవాడి చేత వ్రాయించుకున్నాడు. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని మన పల్లెలు పొడుపుకథ కట్టుకున్నది ఉత్తరాన్ని చూచే. మూలలకు పసుపు పూసిన కార్డు వస్తే ఇంట్లో యెవరూ చదవక ముందే శుభవార్త తెలిసేది. నల్లసిరా అంచు వున్న కార్డు వస్తే గుమ్మంలోనే యేడ్పు లేచేది. మా ఉత్తరాంధ్ర పల్లెలనుంచి కూలికి ‘రంగం’ వెళ్ళినవారి క్షేమం ఆ పిట్టమీదనే వచ్చేది. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడి, జనం కాలినడకను అడవులు దాటి తిరిగివస్తున్న రోజుల్లో, రాని ఉత్తరం కోసం యెన్ని గుమ్మాలు కాచుకొని వుంటాయో ఊహించుకోవచ్చు. పోస్టుకార్డును కాలక్షేపం అని కొట్టిపారేసే మిత్రుడు యీ చరిత్రను కూడా కొట్టిపారేస్తున్నాడు.

ఇచ్చిపుచ్చుకోవటంలోనూ తప్పు లేదు. 1874లో బెర్న్ నగరంలో కుదిరిన ఒడంబడికతో తపాలా కొరకు ప్రపంచ దేశాలన్నీ ఒకే ప్రాంతం కావాలనే సూత్రం పుట్టింది. 1876లో భారతదేశం అందులో చేరింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు. అయినా అందులోని సూత్రం గొప్పది. ఒక రాజ్యం అంటించిన బిళ్ళను ఇంకొక రాజ్యం గౌరవించి, యేరు దాటించి, కొండ యెక్కించి, చిట్టచివరి ఇంటికి చేరుస్తుంది. లాభం కోసం కాక, కార్డుకు కార్డుగా, ముఖం తెలియని మనిషికి నాలుగు మాటలు వ్రాయటం చెడ్డపని అని యే అభ్యుదయవాదీ అనలేడు. కనుక ముఖం చిట్లించే మిత్రులకు నా జవాబు ఇంతే: వ్యాసంగాన్ని తిట్టకండి, వ్యాసంగం యెలా సాగుతున్నదో చూడండి.

ఇక ఆరాధకుల సంగతి. వారి మొదటి వాదం ఇది: “అందం అందరిదీ. ఈఫిల్ గోపురం ఫ్రెంచివారిది మాత్రమే కాదు, మానవజాతిది. అందులో సామ్రాజ్యవాదం వెతకటం విమర్శకుల చాదస్తం.” అందం అందరిదీ అనే మాటను నేను సంతోషంగా ఒప్పుకుంటాను. అయితే అందం అందరిదైనప్పుడు, దానికి చెల్లించిన వెల కూడా అందరికీ తెలియాలి గదా! వెల తెలియనిచ్చి, ఆ తరువాత అందరిదీ అనండి. వారి ఆల్బములోనుంచే నాలుగు కార్డులు తీసి చూద్దాం.

మొదటిది ఈఫిల్ గోపురం. 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. 18 వేలకు పైగా ఇనుప భాగాలు, 25 లక్షల రివెట్లు. ఆ యేడే గోపురం బొమ్మతో కార్డులు అచ్చువేసి, గోపురం మీదనే అమ్మారు. బొమ్మకార్డుల వ్యాపారానికి అది గొప్ప ఊపు ఇచ్చింది. గోపురం చుట్టూ 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు పెద్ద అక్షరాలతో వేశారు. అందులో ఒక్క స్త్రీ లేదు. స్థితిస్థాపకత గణితంలో కృషి చేసిన సోఫీ జెర్మేన్ పేరు కూడా లేదు. రివెట్లు కొట్టిన కూలివాడి పేరు వుంటుందని యెవరూ ఆశించరు. అదే ప్రదర్శనలో వలస దేశాల మనుషులను తెచ్చి, బూటకపు పల్లెలు కట్టి, అందులో వారిని నిలబెట్టి, టిక్కెట్టు కొన్నవారికి చూపించారు. గోపురం కార్డు మీదికి యెక్కింది. ఆ మనుషులు కార్డు చట్రం బయట వుండిపోయారు.

రెండవది బ్రస్సెల్సు నగరంలోని విజయతోరణం. మూడు కమానులు, పైన కంచు రథం. 1905లో పూర్తి అయింది. దాన్ని పూర్తి చేయించిన రెండవ లియొపోల్డు రాజు 1885 నుంచి 1908 వరకు కాంగో దేశాన్ని తన సొంత ఆస్తిగా యేలినవాడు. రబ్బరు పాలు తక్కువ తెచ్చినందుకు మనుషుల చేతులు నరికిన పాలన అది. తోరణానికి పెట్టిన ధనంలో ఆ కాంగో ధనం వున్నది. యీ కార్డును చూచి ‘యెంత గంభీరమైన శిల్పం!’ అనేవాడు అనవచ్చు. కాని ఆ మాటతో ఆగినవాడు విశ్వమానవుడు కాడు. రాజుగారి ఆస్థాన కవి.

మూడవది ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు. వాటి ఒడ్డున ఒద్దికగా నిలబడిన యెత్తైన వర్తక గృహాలు. వీటికి మా జిల్లాలతో చుట్టరికం వున్నది. 17వ శతాబ్దంలో ఆ వర్తకుల కంపెనీ మన భీమునిపట్నంలో దుకాణం పెట్టింది. మన సాలెల బట్ట కొని, తూర్పు దీవులకు తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలకు మార్చి, వాటిని యూరపులో అమ్మి లాభం తీసింది. కరువు కాలాల్లో కోరమాండల్ తీరంనుంచి మనుషులను కూడా బానిసలుగా ఓడలకు యెక్కించింది. ఆ కంపెనీవారి సమాధులు భీమిలిలో సముద్రపు గాలికి అరిగిపోతూ ఇప్పటికీ వున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన కాలవ బొమ్మను అపురూపంగా దాచుకున్నవారిలో ఆ సమాధుల వద్దకు పోయి పేర్లు చదివినవారు యెందరు? చదివితే ఆ కాలవ నీళ్ళలో మన మగ్గాల నీడ కనబడుతుంది.

నాలుగవది లండను. గడియార స్తంభం కార్డూ, బ్రిటిష్ మ్యూజియం కార్డూ పక్కపక్కన పెట్టండి. ఆ గడియారం గంటలు కొట్టటం మొదలుపెట్టింది 1859లో. అదే 1859లో మన అమరావతి శిల్పాలు మద్రాసునుంచి లండనుకు ఓడ యెక్కాయి. వాటిని 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. మద్రాసులో యేండ్ల తరబడి యెండకు, వానకు పడివున్న తరువాత సముద్రం దాటి, 1880 దశకం నాటికి బ్రిటిష్ మ్యూజియం సొత్తు అయినాయి. ఇక్కడ ఒక నిజం దాచకూడదు: ఎలియట్ కంటె ముందే, 18వ శతాబ్దం చివర, ఆ స్తూపపు రాళ్ళను తన కొత్త పట్టణం కట్టుకోవటానికి తరలించినవాడు మన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడే. విదేశీయుడు మూటగట్టక ముందే స్వదేశీయుడు పగలగొట్టాడు. దోపిడికి తోలు రంగు లేదు. అయినప్పటికీ ఆ మ్యూజియం స్తంభాల బొమ్మ ఎలమంచిలికి వచ్చినప్పుడు, ‘ఇంగ్లీషువారి కళాభిరుచి యెంత గొప్పది!’ అని మురిసిపోయే యువకుడికి, ఆ స్తంభాల వెనుక గదిలో కృష్ణ ఒడ్డు శిల్పి ఉలిదెబ్బలు వున్నాయని తెలియకపోవటం విచారకరం. తెలియజెప్పని చదువుది మరింత నేరం.

యీ నాలుగు కార్డులూ చించివేయమని నేను అనటం లేదు. చించివేస్తే సాక్ష్యం పోతుంది. ఉంచుకోండి, ఉంచుకొని విచారించండి.

ఆరాధకుల రెండవ వాదం: “బొమ్మకార్డు అమాయకమైన వస్తువు, దానికి రాజకీయం అంటగట్టకండి.” బొమ్మకార్డుల చరిత్ర తెలిసినవారు యీ మాట అనరు. 19వ శతాబ్దం చివరినుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా బొమ్మకార్డులకు స్వర్ణయుగం. ఆ కాలంలో మద్రాసు దుకాణాలు కూడా కార్డులు అమ్మాయి. వాటిలో దొరలకు ప్రీతిపాత్రమైన రకం ఒకటి ‘దేశీయ జాతులు’ అనే వరుస: ఒక చాకలి, ఒక మంగలి, ఒక బోయీ, ఒక వంటవాడు, ఒక ఆయా. మనిషి బొమ్మ కింద అతడి పేరు వుండదు. కులమో వృత్తో వుంటుంది. దొరలు, దొరసానులు వాటిని కొని, వెనుక రెండు ముక్కలు గిలికి, స్వదేశంలోని చుట్టాలకు పంపేవారు. అల్జీరియాలో ఫ్రెంచివారు అక్కడి స్త్రీలను యేవిధంగా బొమ్మకార్డులకు యెక్కించారో మలెక్ అల్లూలా 1981లో ప్రచురించిన పుస్తకంలో కార్డు తరువాత కార్డు పెట్టి రుజువు చేశాడు. ఆనాటి యీ రాకపోకలలో ఒక విచిత్రమైన సూత్రం కనబడుతుంది. యూరపు తనను చూపుకోదలచినప్పుడు మనుషులు లేని కట్టడాలను పంపింది. మనలను చూపదలచినప్పుడు పేర్లు లేని మనుషులను పంపింది. అక్కడ శిల్పం, ఇక్కడ నమూనా! యీ సూత్రం ఇప్పటికి పూర్తిగా చచ్చిపోయిందని యెవరైనా ధైర్యంగా చెప్పగలరా?

చెప్పలేరు. యెందుకంటే మన సేకర్తలు తిరిగి పంపుతున్న కార్డులు చూడండి. తాజమహలు, లేదా యేనుగు, లేదా తలపాగా చుట్టిన పాములవాడు. యెదుటివాడు మనలను యేవిధంగా చూడదలచాడో ఆవిధంగానే మనం మనలను అచ్చువేసి, మన ఖర్చుతో బిళ్ళ అంటించి పంపుతున్నాం. ఎలమంచిలినుంచి వెళ్ళే కార్డు మీద ఎలమంచిలి లేదు. ఇక్కడ చూపదగినది లేకనా? వరాహనది ఒడ్డున ఏటికొప్పాక వున్నది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పి, లక్కకు గింజలనుంచి, వేళ్ళనుంచి, బెరడునుంచి తీసిన రంగు కలిపి బొమ్మలు చేసే ఊరు. 2017లో దాని బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటమే ఆ బొమ్మలతో ఢిల్లీ వీధిలో నడిచింది. ధారపాలెం వద్ద పంచదార్ల వున్నది: కొండ ఊటలు, గుడి, 15వ శతాబ్దం తొలి సంవత్సరాల శాసనస్తంభాలు, యేలిన చాళుక్యశాఖకు ఎలమంచిలే రాజధాని. రైలెక్కితే దగ్గరలోనే అనకాపల్లి. అక్కడ శంకరం గ్రామం పక్కన బొజ్జన్నకొండ మీద కొండనే తొలిచి చేసిన బౌద్ధస్తూపాలు. 1907లో అలెగ్జాండర్ రే తవ్వకాలు మొదలుపెట్టిన చోటు. గురజాడ పుట్టిన సర్వసిద్ధి రాయవరం మాకు పొరుగూరు. యీ నాలుగింటిలో యే ఒక్కదాని బొమ్మకార్డు అయినా మా బజారులో అడిగి చూడండి. అంగడివాడు మీ వంక వింతగా చూస్తాడు. దూరపు కొండలు నునుపు అనటం పాతమాట. దగ్గర కొండ కార్డుకే యెక్కలేదు.

ఉక్కు సంగతి కూడా చెప్పాలి. ఇనుప గోపురం బొమ్మను పూజిస్తున్నది యే ప్రాంతం? 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నినదించి, 32 మంది ప్రాణాలు అర్పించి ఉక్కు కర్మాగారం సాధించుకున్న ప్రాంతం. దానికోసం భూములు వదలిన పల్లెలవారు తమ ఉద్యోగాల కోసం దశాబ్దాల తరబడి తిరిగారు. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ కర్మాగారంలోని తన పెట్టుబడి మొత్తం ఉపసంహరించుకోవాలని నిర్ణయించినప్పుడు కార్మికులు మళ్ళీ రోడ్డు మీదికి వచ్చారు. యీ ఊదుకొలిమి ఫ్రాన్సుదేశపు పాఠశాల పిల్లకు ఒక బొమ్మకార్డుగా యెందుకు వెళ్ళకూడదు? ‘మీ గోపురం ఇనుము, మా చరిత్ర ఉక్కు, ఇది యెలా వచ్చిందంటే’ అని వెనుక అయిదు వాక్యాలు యెందుకు వ్రాయకూడదు? అది వెళ్ళిననాడు ఇచ్చిపుచ్చుకోవటం జరిగినట్లు. ఇప్పుడు జరుగుతున్నది కార్డుల లెక్కకు సమానం. చూపుల లెక్కకు కాదు.

అసలు కిటుకు కార్డు వెనుక వైపున వున్నది. మొదట్లో బొమ్మకార్డు వెనుక చిరునామా తప్ప యేమీ వ్రాయనిచ్చేవారు కాదు. మాటలు బొమ్మ అంచుల్లో ఇరికించవలసి వచ్చేది. 1902లో బ్రిటను వెనుక భాగాన్ని రెండుగా చీల్చి, సగం మాటలకు వదిలింది. తక్కిన దేశాలు అనుసరించాయి. ఆ సగం జాగా సంపాదించిన మనుషులు దాన్ని ఇప్పుడు యేం చేస్తున్నారు? ఆమధ్య ఒకచోట ఇటువంటి కార్డుల ప్రదర్శన చూచాను. గోడ పొడుగునా వరుసలు తీర్చి అంటించారు. అన్నిటికీ బొమ్మ మనవైపు, వ్రాత గోడవైపు. జిగురు గట్టిగా పట్టింది గనుక ఊడదీసి చదివే వీలు కూడా లేదు. యెవరో ఒక మనిషి యే చలిదేశంలోనో కూచుని, మనకోసం వ్రాసిన మాటలు సున్నపు గోడకు వినిపిస్తున్నాయి. ఇదా విశ్వమానవత? మనిషిని గోడకు తిప్పి, కట్టడాన్ని మనకు తిప్పుకున్న సేకరణ అది.

పోనీ మనవారు పంపే కార్డుల వెనుక యేముంటుంది? శుభాకాంక్షలు, వాతావరణం, ‘మా దేశం చాలా అందమైనది’ అనే వాక్యం. అదీ అరువు భాషలో. ఇంగ్లీషు వ్రాయవద్దని నేను అనను. చదివేవాడికి తెలిసిన భాష వాడవలసిందే. కాని దాని పక్కన ఒక్క తెలుగు వాక్యం, దాని అర్థం వుంటే, ఇటువంటి లిపి, ఇటువంటి మాట లోకంలో వున్నాయని అవతలివాడికి తెలుస్తుంది గదా. జపాను సభ్యుడు తన అక్షరాలు వ్రాయటానికి సిగ్గుపడడు. మనవాడు సంతకం కూడా ఇంగ్లీషులోనే గీస్తాడు.

తెలుగువాడికి యీ విద్య కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు విడిచి కాశీకి పోయి, 1831 సెప్టెంబరుకు తిరిగివచ్చాడు. వచ్చేటప్పుడు మన ఉత్తరాంధ్ర తీరం వెంబడే వచ్చాడు. దారి పొడుగునా చూచింది చూచినట్లు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు వ్రాస్తూ పోయాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’కు మూలం ఆ వ్రాతలే. అందులో గుళ్ళు, గోపురాలు వున్నాయి. వాటితోపాటు యే ఊళ్ళో యేం దొరుకుతుంది, రేవుపడవకు యేమి ఇవ్వాలి, జనం యేం తింటారు, అధికార్లు యేవిధంగా ప్రవర్తిస్తారు అనేవి కూడా వున్నాయి. అందుకే అది చరిత్రకు పనికివచ్చింది. గురజాడను చూడండి. 1862లో యీ పొరుగూళ్ళోనే పుట్టినవాడు. ఆయన యూరపు సాహిత్యాన్ని చదివాడు, దానితో వాదించాడు, దానినుంచి నేర్చుకున్నది తీసుకొని కన్యలను అమ్ముకునే అగ్రహారం మీద దీపం వేశాడు. ఆయన లేఖలూ, దినచర్యలూ చదివితే, ప్రపంచాన్ని తెలుసుకోవటం అంటే యేమిటో అర్థమవుతుంది. ఇక తుమ్మపూడి సంజీవదేవ్. దుగ్గిరాల పక్కన పల్లెలో కాపురం వుండి, దేశదేశాల కళాకారులతో, ఆలోచనాపరులతో జీవితాంతం ఉత్తరాలు నడిపాడు. ఆయన భావవాదంతో మనకు విభేదం వున్నది, వుంటుంది. కాని పల్లెటూరి తపాలాపెట్టెను విశ్వవిద్యాలయంగా మార్చుకోవచ్చునని ఆయన చేసి చూపించాడు. ఆయనకు ప్రపంచంనుంచి వచ్చినవి జవాబులు, యీయన పంపినవి ప్రశ్నలు. మన సేకర్తలు బొమ్మలు పంపి బొమ్మలు తెప్పించుకుంటున్నారు. తేడా అక్కడ వున్నది.

చివరగా, యీ విశ్వమానవతను మోస్తున్నది యెవరు? యీ ప్రశ్న ఆరాధకుల ఉపన్యాసాలలో యెక్కడా వినబడదు. బెర్లినునుంచి విమానంలో వచ్చిన కార్డు ఎలమంచిలి చుట్టుపక్కల పల్లెకు చేరాలంటే చివరి నాలుగు మైళ్ళు దాన్ని మోసేది గ్రామీణ డాక్ సేవకుడు. మనదేశంలో లక్షా అరవైవేలకు పైగా తపాలా కార్యాలయాలు వుంటే వాటిలో నూటికి తొంభై పల్లెల్లో వున్నాయి. వాటిని నడిపేది ముఖ్యంగా ఇతడే. ఇతడిని ప్రభుత్వం పూర్తి ఉద్యోగిగా ఒప్పుకోదు. రోజుకు కొన్ని గంటల లెక్క కట్టి ఇస్తుంది. 2018 మే 22 నుంచి రెండు వారాలు దాటి దేశవ్యాప్తంగా వీరు సమ్మె చేశారు. ఆ రోజుల్లో యెందరు కార్డు ప్రియులు వారి శిబిరం వద్దకు వెళ్ళి నిలబడ్డారు?

2024 డిసెంబరులో పుస్తకాలకు వున్న చౌక బుక్‌పోస్టును తపాలాశాఖ చెప్పాపెట్టకుండా యెత్తివేసింది. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. నాలుగు నెలలు గడిచాక, 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ అనే కొత్త పేరుతో పుస్తకాలకు వేరొక రేటు పెట్టారు. అదే యేడు రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేశారు. సాహిత్య పత్రికలు చందాదారులకు చేరేదీ, పల్లె పాఠకుడు పుస్తకం తెప్పించుకునేదీ యీ దారుల వెంటనే. దారి మూసుకున్నప్పుడు మాట్లాడనివాడు, ఆ దారిన తనకు ఈఫిల్ గోపురం వచ్చిందని చప్పట్లు కొట్టటం యేపాటి న్యాయం? 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. అనేక దేశాలు రష్యాకు తపాలా నిలిపివేశాయి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం సుంకాల నిబంధనలు మార్చింది. మన తపాలాశాఖ ఆ దేశానికి ముందు పార్సిళ్ళు, నెలాఖరుకు ఉత్తరాలతో సహా సమస్తం ఆపివేసి, అక్టోబరు మధ్యలోగాని తిరిగి తీసుకోలేదు. డెన్మార్కు ప్రభుత్వ తపాలాసంస్థ 2025 చివరితో ఉత్తరాల బట్వాడాకు స్వస్తి చెపుతున్నట్లు ప్రకటించింది. రాజకీయం లేదనుకున్న కార్డును యుద్ధం ఆపింది, సుంకం ఆపింది, లాభనష్టాల లెక్క ఆపింది. ఇంకా ‘దీనికి రాజకీయం అంటగట్టకండి’ అంటారా?

కనుక కర్తవ్యం యేమిటి? కార్డులు మానవద్దు. మా విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. వచ్చిన ప్రతి కార్డుకూ నాలుగు ప్రశ్నలు వేయండి: యెవరు కట్టారు, యెవరి సొమ్ముతో కట్టారు, చట్రం బయట యెవరిని వదిలారు, మనకూ దానికీ చుట్టరికం యేమిటి? జవాబు గ్రంథాలయంలో వెతకండి. దొరకకపోతే పంపినవారినే అడగండి. వెనుక వ్రాసిన మాటలను పైకి చదవండి. పంపేటప్పుడు మీ ఊరు పంపండి. కళాశాలల తెలుగుశాఖలు, గ్రంథాలయాలు, మన సంఘ శాఖలు తలా ఇంత వేసుకొని ఏటికొప్పాక తరిణి ముందు కూచున్న మనిషిని, అతడి పేరుతో సహా, ఒక కార్డు మీద అచ్చువేయలేవా? బొజ్జన్నకొండనూ, భీమిలి సమాధులనూ, ఉక్కు కొలిమినీ అచ్చువేయలేవా? ఒక వెయ్యి కార్డుల ఖర్చు ఒక సన్మానసభ శాలువల ఖర్చుకు మించదు. పల్లె తపాలా కార్యాలయం మూతబడుతుందంటే, బుక్‌పోస్టు పోయిందంటే, డాక్ సేవకుడు సమ్మె కట్టాడంటే, ముందు వరుసలో కార్డు ప్రియులు కనబడాలి. అప్పుడు వారి విశ్వమానవతను నేనూ ఒప్పుకుంటాను. అంతవరకు వారి బీరువాలో వున్నవి బొమ్మలు మాత్రమే.